జీతం లేని ఫైర్‌మన్ తక్కువవాడా?

స్వచ్ఛంద అగ్నిమాపక దళాల గురించి పాఠకులు పంపిన ఉత్తరాల్లో ఒకే అనుమానం రకరకాలుగా కనిపించింది: జీతం తీసుకునేవాళ్లే అసలు ఫైర్‌మెన్, మిగతావాళ్లు ఏదో సాయానికి వచ్చేవాళ్లేనా అని. ఈసారి శీర్షిక మొత్తం ఆ ప్రశ్నలకే.

ప్రశ్న: ఒక ఇల్లు తగలబడుతుంటే వాలంటీర్ దళం వచ్చింది. ఇద్దరే లోపలికి వెళ్లారు, మిగతావాళ్లు బయటే నిలబడ్డారు. ఫైర్ ఇంజన్‌లో నీళ్లున్నా వెంటనే కొట్టలేదు. జీతం తీసుకునేవాళ్లయితే ఇలా ఊరుకుంటారా?

జవాబు: వాళ్లయినా అదే చేస్తారు. పొగ నిండిన ఇంట్లోకి ఒక్కరే వెళ్లకూడదు. ఇద్దరు కలిసి వెళ్లాలి, లోపల ఒకరినొకరు విడవకూడదు. వాళ్లకేమైనా అయితే తీసుకురావడానికి మరో ఇద్దరు పూర్తి రక్షణ దుస్తుల్లో, గాలి సిలిండర్ భుజానికి తగిలించుకుని బయట సిద్ధంగా ఉండాలి. అమెరికాలో దీన్ని ‘టూ ఇన్, టూ అవుట్’ అంటారు. 1998లో సవరించిన కార్మిక భద్రతా నిబంధనల్లో ఇది ఉంది. లోపల మనిషి చిక్కుకున్నారని తెలిసినప్పుడు నలుగురూ చేరేదాకా ఆగనక్కర్లేదన్న మినహాయింపూ ఉంది. మీరు బయట చూసినవాళ్లలో ఇద్దరు బహుశా ఈ కాపలా పని మీదే ఉన్నారు. ఇంకొకరు పంపు దగ్గర ఉండి ఉంటారు. గొట్టం పట్టుకున్నవాళ్లు లోపల ఉన్నంతసేపు ఆ మనిషి పంపు వదిలి కదలకూడదు. కదిలిన సమయంలో ఒత్తిడి పడిపోతే లోపలివాళ్లకు మంటకూ తమకూ మధ్య అడ్డే ఉండదు.

ఇక నీళ్ల లెక్క. సాధారణంగా ఇంజన్ ట్యాంకులో పట్టేది 1,900 లీటర్లు అనుకుందాం. లోపలికి తీసుకెళ్లే గొట్టం ఒక్కటే నిమిషానికి సుమారు 570 లీటర్లు వదులుతుంది. అంటే మూడు నిమిషాల పైచిలుకులో ట్యాంకు ఖాళీ. హైడ్రంట్ (మంటలార్పే నీళ్ల కోసం వీధిలో పెట్టే కొళాయి) ఉన్నచోట ఈలోగా దానికి కలుపుతారు. హైడ్రంట్లు లేని చోట (వాలంటీర్ దళాలు ఎక్కువగా ఉండేది అలాంటి ప్రాంతాల్లోనే) వెనక నీళ్ల ట్యాంకర్ వస్తోందా లేదా చూసుకున్నాకే లోపలి దాడి మొదలుపెడతారు. ముందే బయటి నుంచి కిటికీలోకి కొట్టేసి, ఇద్దరు లోపలికి వెళ్లాక నీళ్లు అయిపోతే జరిగేది ప్రాణనష్టం.

మాస్కు తీసి నేల మీద కూర్చున్నవాళ్లను చూసి ‘అప్పుడే అలసిపోయారు’ అనుకోవడం కూడా మామూలే. 30 నిమిషాల సిలిండర్ అని రాసి ఉన్నా, బరువు మోస్తూ వేడిలో పని చేసేవాళ్లకు అది 15 నుంచి 20 నిమిషాలే వస్తుంది. గాలి అయిపోయేలోగా బయటికి రావడం, సిలిండర్ మార్చుకోవడం, ఒంటి వేడి తగ్గించుకోవడం పనిలో భాగమే.

‘అద్దాలు పగలగొట్టండి, పొగ పోతుంది’ అని చుట్టూ చేరినవాళ్లు అరుస్తుంటారు. మూసిన గదిలో మంట చాలాసార్లు గాలి చాలక మగ్గుతూ ఉంటుంది. అద్దం పగిలితే గాలి అంది ఒక్కసారిగా చెలరేగుతుంది. నీళ్లు నిండిన గొట్టం చేతిలో ఉన్నాకే తలుపు గాని కిటికీ గాని తెరవాలి.

మీరు గమనించిన తేడా ఒకటి మాత్రం నిజం. ఉద్యోగుల దళం నలుగురితో నిండిన ఇంజన్‌లో వస్తుంది, వెనకే మరో రెండు ఇంజన్లు వస్తాయి. వాలంటీర్లు ఇద్దరూ ముగ్గురూగా చేరుతారు కాబట్టి వాళ్లు ఆగడం జనం కళ్లబడుతుంది. అది తలల లెక్క. దాన్ని ధైర్యం లెక్కగా చూడకండి.

ప్రశ్న: నేను వాలంటీర్‌ని. ‘సరదాకి చేస్తున్నావు’ అంటారు. మా శిక్షణకూ ఉద్యోగుల శిక్షణకూ నిజంగా తేడా ఉందా?

జవాబు: కనీస స్థాయిలో లేదు, సాధనలో ఉంది. ఈ రెండూ విడదీసి చూడాలి.

అమెరికాలో జాతీయ అగ్ని రక్షణ సంఘం (ఎన్‌ఎఫ్‌పీఏ) 1001 ప్రమాణం (ఇప్పుడు 1010లో కలిసింది) ఫైర్‌ఫైటర్ ఒకటి, రెండు అనే స్థాయిలను నిర్ణయించింది. అందులో జీతగాళ్లకో పాఠం, వాలంటీర్లకో పాఠం అంటూ లేవు. జర్మనీలో స్వచ్ఛంద సభ్యుడి ప్రాథమిక శిక్షణ మొదటి భాగం కనీసం 70 గంటలు, ఆ తర్వాత దళంలో పని చేస్తూ పూర్తి చేసే రెండో భాగం 80 గంటలు. గాలి సిలిండర్‌తో పని చేయాలంటే మరో 25 గంటలు, పంపు నడపాలంటే 35 గంటలు. సరదాకి వచ్చేవాళ్లు ఇన్ని సాయంత్రాలు ఇవ్వరు.

సాధన సంగతికి వస్తే దాచడానికేమీ లేదు. ఉద్యోగులు డ్యూటీలో ఉన్న ప్రతిరోజూ ఏదో ఒక పని మళ్లీ మళ్లీ చేస్తారు. వారానికి రెండు గంటలు వచ్చే వాలంటీర్‌కు ఏడాది మొత్తంలో దక్కేది వంద గంటలే. చేతికి అలవాటైన పనులే ముందు మరుగున పడతాయి. కాబట్టి ఆ రెండు గంటల్లో మొదటి పది నిమిషాలు ఎప్పుడూ గాలి పరికరానికే ఇవ్వండి. చేతికి గ్లౌజులు ఉండగా, స్టాప్‌వాచ్ పెట్టి, నిమిషంలో తగిలించుకోవాలి. ఎక్కువమంది ఆలస్యమయ్యేది హుడ్ (తలనూ మెడనూ కప్పే ముసుగు) దగ్గరే: మాస్కు బిగించాక హుడ్‌ను దాని అంచు మీదికి సరిగ్గా లాగకపోతే చెవుల దగ్గర చర్మం బయటపడుతుంది. ఆ తర్వాత గాలి తగ్గిందన్న హెచ్చరిక మోగితే ఏం చేయాలి, దారి తప్పితే రేడియోలో ఏం చెప్పాలి అన్నవి కళ్లకు గంతలు కట్టి చేయండి.

వాలంటీర్లు ముందుండే పనులూ ఉన్నాయి. హైడ్రంట్లకు అలవాటుపడిన నగర దళాల కంటే చెరువు నుంచో మడత ట్యాంకు నుంచో నీళ్లు తోడడంలో గ్రామీణ దళాలకు చేయి తిరిగి ఉంటుంది. పంపు నీళ్లను పీల్చగల ఎత్తు సిద్ధాంతం ప్రకారం 10.3 మీటర్లు, ఆచరణలో సుమారు 7 మీటర్లు. పంపు నీళ్లు పీల్చకపోతే ముందు చూడాల్సింది పీల్చే గొట్టాల అతుకులు. ఒక వాషర్ పొడిబారినా, ఇసుక రేణువు అడ్డుపడినా గాలి దూరుతుంది. అతుకులు బాగుంటే గొట్టం చివరి జల్లెడ చూడండి. అది నీటి మట్టానికి రెండు అడుగుల లోతున లేకపోతే సుడి ఏర్పడి గాలి పీలుస్తుంది. ఇది తెలిసిన మనిషి దళంలో ఒక్కరున్నా ఆ దళం విలువ మారిపోతుంది.

ప్రశ్న: వాలంటీర్లు ఎప్పుడూ ఆలస్యంగా వస్తారన్న మాట నిజమేనా?

జవాబు: ఉద్యోగులు స్టేషన్‌లోనే ఉంటారు. ఎన్‌ఎఫ్‌పీఏ 1710 ప్రకారం వాళ్లు మంటల కబురు అందిన 80 సెకన్లలో బయల్దేరాలి, మొదటి ఇంజన్ ప్రయాణం 4 నిమిషాల్లో ముగియాలి. వాలంటీర్ పేజర్ మోగాక ఇంట్లోనో పనిలోనో లేచి, బండి తీసి, స్టేషన్‌కు చేరి, దుస్తులు వేసుకుని, ఇంకో ఇద్దరు వచ్చేదాకా చూసి అప్పుడు కదలాలి. అందుకే వాలంటీర్ దళాల ప్రమాణం 1720 వేరే లెక్క పెట్టింది: జనసాంద్రత ఎక్కువున్న చోట 15 మంది 9 నిమిషాల్లో, పలుచగా ఉన్న గ్రామీణ ప్రాంతంలో 6 మంది 14 నిమిషాల్లో చేరాలి.

అయితే మంట ఈ ప్రమాణాల కోసం ఆగదు. కృత్రిమ నురగ సోఫాలు, పరుపులు ఉన్న నేటి గది 5 నిమిషాల్లోపే మొత్తం ఒక్కసారిగా అంటుకోగలదు. పాతకాలపు దూది, చెక్క సామాను ఉన్న గదులకు ప్రయోగాల్లో సుమారు అరగంట పట్టింది. దళం ఎవరిదైనా మొదటి ఐదు నిమిషాలు ఇంట్లోవాళ్లవే. పొగ అలారం పని చేయాలి, బయటికి వస్తూ గది తలుపు మూసేయాలి. మూసిన తలుపు మంటను ఆపే సమయం చాలా విలువైనది.

ప్రశ్న: ఈ చిన్నచూపు ఎప్పుడు మొదలైంది?

జవాబు: మొదట్లో అంతా తలకిందులుగా ఉండేది. ఫిలడెల్ఫియాలో 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తదితరులు యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టినప్పుడు అలాంటి కంపెనీలో ఉండడమే పరువు. ఆ తర్వాతి శతాబ్దానికి నగరాల్లో కంపెనీలు పెరిగి, ముందు నీటి కొళాయి ఎవరిదన్న దాని మీద వీధుల్లోనే కొట్టుకునే స్థితి వచ్చింది. వాలంటీర్ల పేరు చెడింది అక్కడే. అయితే అసలు మార్పు తెచ్చింది యంత్రం. చేతి పంపు ఆడించడానికి డజన్ల కొద్దీ మనుషులు కావాలి, వాళ్లు కొద్ది నిమిషాలకే అలసిపోతే మార్చడానికి మళ్లీ అంతమంది కావాలి. ఆవిరి పంపు వచ్చాక కొద్దిమంది చాలు, ఆ కొద్దిమందికి జీతం ఇవ్వగలరు. సిన్సినాటి 1853లో ఆవిరి యంత్రంతో, జీతగాళ్ల దళంతో మొదలుపెట్టింది. న్యూయార్క్ 1865లో అదే దారి పట్టింది.

ఈ కథ అన్ని దేశాలదీ కాదు. చిలీలో దేశమంతటా వాలంటీర్లే, పైగా సభ్యులు తమ కంపెనీకి చందా కడతారు. ఆస్ట్రియాలో ఉద్యోగుల దళాలు ఆరు పెద్ద నగరాలకే పరిమితం. ఫ్రాన్స్‌లో పారిస్ దళం సైన్యానిది, మార్సేయ్ దళం నౌకాదళానిది, మిగతా దేశంలో ఎక్కువమంది వాలంటీర్లు. అక్కడ ‘వాలంటీర్’ అంటే ఎవరూ పెదవి విరవరు.

ప్రశ్న: నేను ఉద్యోగిని. పెద్ద ప్రమాదాలకు పక్క ఊరి వాలంటీర్లు కూడా వస్తారు. వాళ్లను లోపలికి తీసుకెళ్లాలంటే మా వాళ్లు వెనకాడతారు. ఏం చేయాలి?

జవాబు: మీ వాళ్ల జంకు అర్థం చేసుకోదగినదే. కళ్లు కనిపించని గదిలో పక్కవాడే ప్రాణం. కానీ ఆ నమ్మకం మంట దగ్గర పుట్టదు, ముందే కట్టుకోవాలి. మూడు నెలలకోసారి ఉమ్మడి డ్రిల్ పెట్టండి, అందులో జంటలను కలిపి వేయండి. ప్రతి సభ్యుడి గురించీ మూడు విషయాలు కాగితం మీద ఉండాలి: మాస్కు ముఖానికి సరిగ్గా పడుతుందో చూసే ఫిట్ పరీక్ష చివరి తేదీ, చివరిసారి నిజమైన మంటలో శిక్షణ పొందిన తేదీ, వైద్య పరీక్ష తేదీ. ఈ మూడూ ఉంటే అతను మీతో లోపలికి రాగలడు. లేకపోతే మీ దళం మనిషయినా రాకూడదు. జీతం ప్రస్తావన లేకుండా ఈ ఒక్క గీత గీస్తే సగం గొడవలు ఆగిపోతాయి.

పరికరాలు సరిపోతాయో లేదో కూడా ముందే చూసుకోండి. 1904లో బాల్టిమోర్ నగరం తగలబడినప్పుడు ఇతర నగరాల దళాలు సాయానికి వచ్చాయి, కానీ వాళ్ల గొట్టాల మరలు అక్కడి హైడ్రంట్లకు పట్టలేదు. 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. ఈరోజు అదే తప్పు రేడియో ఛానళ్ల దగ్గర, సిలిండర్ల రకం దగ్గర జరుగుతుంది. లోపల ఎవరున్నారో లెక్కపెట్టే పేరు బిళ్లలు రెండు దళాలకూ ఒకే పద్ధతిలో ఉండాలి.

ప్రశ్న: మా ఆయన వాలంటీర్. జీతం లేదు సరే, ప్రమాదం కూడా తక్కువేనా?

జవాబు: తక్కువ కాదమ్మా. అమెరికాలో విధుల్లో జరిగే ఫైర్‌మెన్ మరణాలకు పెద్ద కారణాల్లో ఒకటి గుండె ఆగిపోవడం. నిద్రలోంచి లేచి ఒక్క ఉదుటున పరుగెత్తి బరువు మోసే మనిషికి అది మరీ పరీక్ష. ఏటా గుండె పరీక్ష తప్పనిసరిగా చేయించండి. సొంత కారులో స్టేషన్‌కు వేగంగా వెళ్లడం రెండో ప్రమాదం. సీటు బెల్టు పెట్టుకోమనండి, ఎర్ర లైటు దగ్గర ఆగమనండి.

మూడోది ఇంటిని కూడా తాకుతుంది. ఫైర్‌మెన్ పనిని 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. వాలంటీర్లు మసి పట్టిన కోటును కారు డిక్కీలో వేసుకుని ఇంటికి తెస్తారు, అదే కారులో పిల్లలు ఎక్కుతారు. అది మానాలి. మంట దగ్గరే సబ్బు నీళ్లతో, బ్రష్‌తో పైమురికి కడిగి, సంచిలో మూట కట్టి, స్టేషన్‌లోనే ఉతికించాలి. మెడ, చెవుల వెనక, చేతులు అక్కడే తుడుచుకుని, ఇంటికి రాగానే గంటలోపు స్నానం. ఇంట్లో బట్టలతో కలిపి ఆ కోటును మెషీన్‌లో వేయకండి.

దళంలో చేరేటప్పుడే బీమా పత్రం చేతికి అడిగి తీసుకోండి. గాయమైతే ఉద్యోగంలో పోయే జీతం ఎవరిస్తారో అందులో చూడండి. అమెరికాలో 1976 చట్టం కింద విధి నిర్వహణలో మరణించినవారి కుటుంబానికిచ్చే కేంద్ర సాయం వాలంటీర్లకూ వర్తిస్తుంది. జర్మనీలో మంటకు వెళ్లిన ఉద్యోగికి యజమాని జీతం కోయకూడదు.

ప్రశ్న: మా పట్టణ పాలకవర్గంలో వాలంటీర్లను తీసేసి జీతగాళ్లను పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. మంచిదేనా?

జవాబు: ముందు లెక్క వేయండి. వారానికి 168 గంటలు. 56 గంటల వారం పనిచేసే దళంలో ఒక్క సీటు ఎప్పుడూ నిండి ఉండాలంటే ముగ్గురు కావాలి, సెలవులు, జబ్బులు కలిపితే నలుగురి దాకా. ఇంజన్‌కు నాలుగు సీట్లు అంటే 14 నుంచి 16 మంది. 42 గంటల వారమైతే ఇంకా ఎక్కువ.

తర్వాత గత ఏడాది పిలుపుల పుస్తకం తెప్పించండి. ప్రతి పిలుపుకూ ఎంతమంది, ఎన్ని నిమిషాల్లో వచ్చారో గంటల వారీగా విడదీయండి. సాధారణంగా రాత్రులు, సెలవు రోజులు బాగుంటాయి. పని రోజుల్లో పగలు, వాలంటీర్లు ఉద్యోగాల్లో ఉండే వేళ, ఖాళీ కనిపిస్తుంది. అలాగే ఉంటే పగటి పూటకు నలుగురు ఉద్యోగులను పెట్టి, మిగతాది వాలంటీర్లకే వదలండి. కానీ ఆ ఉద్యోగులు వచ్చిన మొదటి రోజే ఇద్దరికీ ఒకే అధికారి, ఒకే ర్యాంకులు అని రాసి పెట్టండి. అది రాయని చోట ‘మేం’, ‘వాళ్లు’ మొదలై, ఏడాది తిరిగేలోగా వాలంటీర్లు రావడం మానేస్తారు, రాత్రి పూట ఇంజన్ కదలదు.

ప్రశ్న: గడ్డం ఉంటే చేర్చుకోరా?

జవాబు: చేర్చుకుంటారు, కానీ మాస్కు అంచు చర్మాన్ని ఆనే చోట ఒకరోజు గడ్డం ఉన్నా సీలు పడదు, పొగ లోపలికి వస్తుంది. ఆ మాస్కు వేసుకుని లోపలికి వెళ్లనివ్వరు. పంపు, నీళ్ల రవాణా, రేడియో, పద్దుల పనులకు అడ్డం లేదు. దళంలో ఎప్పుడూ మనుషులు తక్కువపడేది ఈ పనులకే.