ఐపీఏతో కారం వింగ్స్ ఎందుకు కుదరలేదు? బ్రూపబ్‌లో ఏ బీరుకి ఏ తిండి?

ప్రశ్న: వచ్చే వారం నలుగురం బ్రూపబ్‌కి (అక్కడే బీరు తయారుచేసి అమ్మే పబ్) వెళ్తున్నాం. పోయినసారి ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు)తో కారం వింగ్స్ (కోడి రెక్కలు) చెప్తే నోరు మండిపోయింది, బీరులో చేదు తప్ప ఇంకేమీ తెలియలేదు. ఎనిమిది రకాల బీర్లుంటే ఏది, దేనితో, ఏ వరుసలో చెప్పాలి?

జవాబు: వింగ్స్‌లో తప్పు లేదు, ఐపీఏలోనూ తప్పు లేదు. రెండూ ఒకేసారి టేబుల్ మీదకు రావడంతోనే వచ్చింది చిక్కు. మిరపకాయలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే నరాలను రెచ్చగొడుతుంది. ఆల్కహాల్ పని చేసేదీ ఆ నరాల మీదే. అందుకే 6, 7 శాతం బీరు మంటను తగ్గించకపోగా ఇంకా ఎగదోస్తుంది. దానికి గ్యాస్ చురుకు, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) చేదు తోడవుతాయి. గుటక చల్లగా దిగిన క్షణం హాయిగానే ఉంటుంది, ఆ వెంటనే మంట తిరిగొస్తుంది.

కారానికి చేదు తక్కువగా, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ లాంటి గింజలు) తీపి కాస్త తగిలేలా, ఆల్కహాల్ 5 శాతం దగ్గర ఉండే బీరు కావాలి. జర్మన్ తరహా గోధుమ బీరు హెఫెవైజెన్, బెల్జియన్ విట్‌బియర్, ఆంబర్ లాగర్ (చల్లగా పులియబెట్టిన రాగి రంగు బీరు) ఈ పనికి బాగా సరిపోతాయి. మెనూలో ఐబీయూ అని అంకె వేసి ఉంటే అది చేదు కొలత. హెఫెవైజెన్‌కి సాధారణంగా 8–15, ఐపీఏకి 40–70 ఉంటుంది. కారం ప్లేటు పక్కన 25 దాటనివ్వకండి. అలాగని ఆ అంకెనే పూర్తిగా నమ్ముకోవద్దు. ఇంపీరియల్ స్టౌట్‌కి (ఆల్కహాల్ ఎక్కువగా ఉండే నల్లటి బీరు) 50 పైనే ఉన్నా మాల్ట్ తీపి ఆ చేదును కప్పేస్తుంది.

కూర్చోగానే పింట్లు చెప్పేయకండి, ఫ్లైట్ అడగండి. 100–120 మి.లీ. చిన్న గ్లాసులు నాలుగైదు ఒక ట్రేలో వస్తాయి. నాలుగు కలిపినా అర లీటరు లోపే. నలుగురికి రెండు ట్రేలు చాలు. ఒక ట్రేలో ఉన్న బీరు రెండోదాంట్లో రాకుండా చెప్తే ఎనిమిదీ రుచి చూసేయొచ్చు. తేలిక నుంచి బరువుకు వెళ్లండి: ముందు పిల్స్‌నర్ (లేత బంగారు రంగు లాగర్), గోధుమ బీరు, తర్వాత ఆంబర్, ఆ తర్వాత ఐపీఏ, చివర స్టౌట్. పుల్ల బీరు ఉంటే ఐపీఏకి ముందే తాగేయండి. ఐపీఏతో మొదలుపెడితే ఆ చేదు నాలుక మీద ఉండిపోయి, తర్వాత వచ్చే పిల్స్‌నర్ ఎంత బాగున్నా నీళ్లలా అనిపిస్తుంది. మధ్యలో మంచినీళ్లు, ఉప్పూ కారం లేని బ్రెడ్ ముక్క. ట్రేను ముందు పెట్టుకుని అరగంట కబుర్లు చెప్పుకుంటే చిన్న గ్లాసులు కాబట్టి తొందరగా వేడెక్కి గ్యాస్ పోతుంది. ప్రతి బీరునూ ముందు ఉత్తిగా ఒక గుటక, తిండి ఒక ముద్ద తిన్నాక ఇంకో గుటక తాగండి. జత కుదిరిందా లేదా అన్నది ఆ రెండో గుటకలోనే తెలుస్తుంది.

వేపుళ్లకి నా ఓటు ఎప్పుడూ పిల్స్‌నర్‌కే. గ్యాస్, చేదు కలిసి నాలుక మీది నూనె జిడ్డును తుడిచేస్తాయి, మళ్లీ తినాలనిపిస్తుంది. ఉప్పు చేదును అణుస్తుంది, అందుకే ఉప్పు చల్లిన ఫ్రెంచ్ ఫ్రైస్ పక్కన ఐపీఏ కూడా మెత్తబడుతుంది. నిజానికి ఐపీఏకి కావలసింది కొవ్వు: ముదురు చెడ్డార్, చీజ్ వేసిన బర్గర్. క్యారెట్ కేక్‌తో కూడా ఐపీఏ బ్రహ్మాండంగా ఉంటుంది. వినడానికి వింతగా ఉన్నా, ఒకసారి తిని చూశాక ఎవరూ వాదించరు. నిప్పుల మీద కాల్చిన మాంసానికి ఆంబర్ లేదా బ్రౌన్ ఏల్. మాంసం పైపొర ఎర్రబడడానికీ, మాల్ట్ వేడికి రంగు తేలడానికీ కారణం మెయిలార్డ్ చర్యే (వేడికి ప్రొటీన్లు, చక్కెరలు కలిసి రంగు, వాసన ఇవ్వడం), కాబట్టి వాసనలు చుట్టాల్లా కలిసిపోతాయి. వెనిగర్ వేసిన సలాడ్‌కి విట్‌బియర్ లేదా పుల్ల బీరు. డ్రై స్టౌట్‌కి (తీపి లేని నల్లటి బీరు) ఆయిస్టర్లు పాత జత. డెజర్ట్ దగ్గరే చాలామంది పొరపడతారు: తిండి బీరు కంటే తియ్యగా ఉంటే బీరు పలచగా, చేదుగా మిగిలిపోతుంది. చాక్లెట్ కేక్‌కి డ్రై స్టౌట్ చాలదు, ఇంపీరియల్ స్టౌట్ కావాలి.

తిండి అంతా ఒకేసారి చెప్తే వంటింటి నుంచి అంతా ఒకేసారి వస్తుంది. వేపుళ్లు మెత్తబడిపోతాయి, స్టౌట్‌తో తినాల్సింది పిల్స్‌నర్ పక్కన చల్లారిపోతుంది. రెండు విడతలుగా చెప్పండి. కారం ప్లేటు మొదటి విడతలో వద్దు, మంటెక్కిన నాలుకకి సన్నటి రుచులు అందవు.

ఐస్ కట్టిన గ్లాసు ఇస్తే మామూలు గ్లాసు అడగండి. మరీ చల్లబడితే వాసన చచ్చిపోతుంది, నురగ కూడా అదుపు తప్పుతుంది. లాగర్‌కి 4–7 డిగ్రీలు, ఐపీఏకి 7–10, స్టౌట్‌కి 10–13 డిగ్రీల సెల్సియస్ బాగుంటుంది. గ్లాసు లోపలి గోడలకు బుడగలు అతుక్కుని ఉంటే అది సరిగా కడగని గ్లాసు, మార్చమనండి. హెఫెవైజెన్‌లో అరటిపండు, లవంగం వాసన వస్తే కంగారు పడక్కర్లేదు, అది ఈస్ట్ ఇచ్చేదే. మబ్బుగా ఉండటమూ దాని తీరే. పిల్స్‌నర్‌లో అరటిపండు వాసన వస్తే మాత్రం పులియబెట్టడంలో ఏదో తేడా జరిగినట్టు. ఉడికిన మొక్కజొన్న వాసన, వెన్న వాసన కూడా లోపాలే. పుల్ల బీరు కానిదాంట్లో వెనిగర్ పులుపు వస్తే పైపుల్లో బ్యాక్టీరియా చేరి ఉండొచ్చు. గ్లాసు తిరిగి పంపించడానికి మొహమాటపడొద్దు. ఐపీఏ ఏదైనా చెప్పేముందు అది ఎప్పుడు కెగ్గుకి (బీరు పీపా) ఎక్కిందో సర్వర్‌ని అడగండి. హాప్స్ వాసనే అన్నిటికంటే ముందు పోతుంది, కాబట్టి కొత్తదే మేలు.

చిన్న తులిప్ గ్లాసులో వచ్చే గట్టి బీరుని చూసి మోసపోకండి. 5 శాతం బీరు 330 మి.లీ.లో దాదాపు 13 గ్రాముల ఆల్కహాల్ ఉంటే, 8 శాతం బీరు 250 మి.లీ.లోనే 16 గ్రాముల దాకా ఉంటుంది. ఇంపీరియల్ స్టౌట్‌ని డెజర్ట్‌తో ఇద్దరికి ఒక గ్లాసు చొప్పున పంచుకోండి. బండి నడిపేవారిని ఫ్లైట్ లెక్కలోంచి మొదట్లోనే తీసేసి ట్రేలు చెప్పండి.