కుక్క కరిస్తే టీకా ఒక్కటే చాలదా?

మహారాష్ట్రలోని సిరోంచ దగ్గరి పల్లె నుంచి అడిగారు: పిల్లాడి చేతిని కుక్క రక్తం వచ్చేలా కరిచింది, టీకా వేశారు, ఇంకో ఇంజెక్షన్‌కు గడ్చిరోలి వెళ్లమన్నారు, తప్పదా అని.

తప్పదండీ. రక్తం కారిందంటే గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాలి. ఆ ఇంకో ఇంజెక్షన్ ఇదే, రేబిస్ వైరస్‌ను అడ్డుకునే రక్షణను ఇందులో తయారుగా ఇస్తారు. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి రోజులు పడుతుంది. ఆలోపు వైరస్‌ను గాయం దగ్గరే ఆపేది ఇదే. మొదటి టీకా నుంచి 7 రోజుల్లోపే ఇవ్వాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం.

మందు ఉచితమే, దారి ఉచితం కాదు. కూలికి వెళ్లే తల్లికి బస్సు ఛార్జీ, పోయిన కూలి రెండూ బరువే. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. గోదావరి వంతెన దాటితే తెలంగాణలోని భూపాలపల్లి దగ్గర. మందు ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఆధార్ మహారాష్ట్రదని జంకకండి.

ఇకముందు ఎవరిని కరిచినా పసుపు, కారం పెట్టొద్దు. బోరింగు కింద చెయ్యి పెట్టించి, ఒకరు కొడుతుంటే ఇంకొకరు సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పిల్లాడు మంటకు ఏడుస్తాడు, అయినా ఆపొద్దు.