వినాటియెరీ 1996 యూరప్ సీజన్ ఎందుకు దొరకడం లేదంటే

అమెరికన్ ఫుట్‌బాల్ ప్రధాన లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ, దాని యూరప్ లీగ్‌లోనూ ఆడిన వాళ్ల గణాంకాల పట్టిక తయారు చేస్తుంటే, కిక్కర్ (బంతిని తన్నే ఆటగాడు) వినాటియెరీ 1996 సీజన్ దొరకడం లేదని అడిగారు కదా. కారణం లీగ్ పేరే. ఆడమ్ వినాటియెరీ 1996లో యూరప్ లీగ్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ అడ్మిరల్స్ జట్టుకు ఆడిన మాట నిజమే. మీరు వెతికిన ‘ఎన్‌ఎఫ్‌ఎల్ యూరప్’ అనే పేరు మాత్రం అప్పటికి పుట్టలేదు.

1. ఏడాదిని బట్టి పేరు మార్చి వెతకండి. ఎక్కువ మంది వదిలేసేది ఇదే. 1997 వరకు ‘వరల్డ్ లీగ్’, 1998 నుంచి ‘ఎన్‌ఎఫ్‌ఎల్ యూరప్’, చివరి సీజనైన 2007లో ‘ఎన్‌ఎఫ్‌ఎల్ యూరోపా’. 1993, 1994లలో ఆటలే జరగలేదు కాబట్టి, అక్కడ ఖాళీ కనిపిస్తే అది మీ పట్టికలో తప్పు కాదు.

2. ఒకే ఏడాదికి రెండు వరుసలు పెట్టండి. ఈ లీగ్ వసంతకాలంలో జరిగేది, ఎన్‌ఎఫ్‌ఎల్ శరత్కాలంలో మొదలవుతుంది; అందుకే ఒకే ఆటగాడు ఒకే ఏడాది రెండింటిలోనూ ఉండొచ్చు. 1998లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు దాడిని నడిపే ఆటగాడు) కర్ట్ వార్నర్ ఆమ్‌స్టర్‌డామ్‌లో 2,101 గజాల పాస్‌లు, 15 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటిస్తే వచ్చే స్కోరు) విసిరాడు. శరత్కాలానికి ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని సెయింట్ లూయిస్ రామ్స్ జట్టులో ఉన్నాడు.

3. యూరప్ అంకెలను ఎన్‌ఎఫ్‌ఎల్ మొత్తాల్లో కలపకండి. అవి వేరు.

మీ పట్టికలో క్వార్టర్‌బ్యాక్ జేక్ డెలోమ్‌నూ తప్పక చేర్చండి. 1998లో వార్నర్‌కు ప్రత్యామ్నాయంగా అదే ఆమ్‌స్టర్‌డామ్ జట్టులో ఉన్నాడు. 2004 ఫిబ్రవరిలో కరోలినా క్వార్టర్‌బ్యాక్‌గా సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) ఆడాడు. చివరి క్షణాల్లో ఆ మ్యాచ్‌ను తేల్చిన ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని సాధించే స్కోరు) ప్రత్యర్థి జట్టుకు ఆడుతున్న వినాటియెరీదే!