సమాధానం: పాపకు ‘బెంగ’ అంటే ఎలా తెలుస్తుంది?

అవ్వ అనంతపురం వెళ్లిన ప్రతిసారీ మీ అయిదేళ్ల పాప కడుపునొప్పి అంటోందనీ, డాక్టరు జబ్బేమీ లేదన్నారనీ, అది బెంగ అని చెబితే పాపకు అర్థం కావడం లేదనీ రాశారు. బెంగను నిర్వచనం చెప్పి నేర్పలేమండి. బంతిని చూపించినట్లు వేలితో చూపించలేము. అది ఒకసారి కడుపునొప్పిగా, ఒకసారి అన్నం సహించకపోవడంగా, మరొకసారి ఊరికే వచ్చే ఏడుపుగా కనబడుతుంది. పైకి పోలికే లేని ఈ అనుభవాలను ఒక భావంగా కూర్చడంలో వాటన్నిటికీ మనం వాడే ఒకే మాట కీలకమని మనస్తత్వ శాస్త్రవేత్త లీసా ఫెల్డ్‌మన్ బారెట్ 2017లో వెలువరించిన గ్రంథంలో వాదించారు. అందరూ ఆమెతో ఏకీభవించరు గానీ, పిల్లల విషయంలో నాకది నిజమనిపిస్తుంది.

అందుచేత బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో అవ్వను బస్సెక్కించి వచ్చిన రాత్రి, పాప కడుపు పట్టుకున్నప్పుడే, నొప్పి అబద్ధమనకుండా, ‘అవ్వ మీద బెంగ పెట్టుకున్నావు కదమ్మా’ అనండి. దూరమైన స్నేహితురాలిని తలచుకున్నప్పుడూ అదే మాట వాడండి. మీకు ఊరి మీద బెంగ కలిగిన రోజున దాచుకోకుండా చెప్పండి. బెంగళూరు బడిలో కన్నడం, ఇంగ్లీషు వింటున్న పిల్లకు ఈ మాట ఇంట్లోనే దొరకాలి. తమ్ముడు బొమ్మ లాక్కున్నందుకు ఏడిస్తే మాత్రం అది కోపమనీ, బెంగ కాదనీ వేరుచేసి చెప్పండి.