కన్నీళ్ళ కంటే ముందు రేకులు చూడు

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. ఫిజీ పాత రాజధాని లెవుకా మీద నువ్వు పంపిన వ్యాసం మొన్న ఆదివారం చదివాను. నాలుగో పేజీ దాకా బాగానే సాగింది. అక్కడ నువ్వు రేవు గట్టు మీద నిలబడి, "ఫిజీలో మన తెలుగువాళ్ళు మొట్టమొదట కాలు పెట్టిన నేల ఇదే" అని కళ్ళు తుడుచుకున్నావు. నాకు ఒళ్ళు మండింది. కాగితాలు పక్కన పడేసి, కాఫీ తాగొచ్చి మళ్ళీ చదివాను. ఏడుపు అక్కడే ఉంది.

కూలీల ఓడల్లో వెళ్ళిన తెలుగువాళ్ళు లెవుకాలో దిగలేదమ్మా. 1879 మే 14న అక్కడికి చేరిన లియోనిదాస్ ఓడ కలకత్తా నుంచి బయల్దేరింది. అందులో వచ్చినవాళ్ళు ఉత్తరాది కూలీలు. పోనీ వాళ్ళయినా నువ్వు నిలబడ్డ గట్టు మీదుగా ఊళ్ళోకి నడిచారా అంటే అదీ లేదు. ఓడలో కలరా, మశూచి ఉన్నాయని దగ్గర్లోని యనూథా లైలై అనే చిన్న దీవిలో క్వారంటైన్‌లో పెట్టారు. మనవాళ్ళు వెళ్ళింది 1903 నుంచి, మద్రాసు మీదుగా. అప్పటికి రాజధాని సువాకి తరలిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. మద్రాసు ఓడల జనాన్ని దించింది సువా ఎదురుగా ఉండే నుకులావు దీవిలో. ఇప్పుడది పిక్నిక్కుల చోటు. నువ్వు సువాలో రెండు రోజులు ఉన్నానని రాశావు, ఆ దీవి వంక చూసినట్టు మాత్రం ఎక్కడా లేదు.

తేదీ తప్పు పోతే దిద్దుకోవచ్చు. ఏడుపు తప్పుచోట పడితే ఎలా దిద్దుతావు? ఆ ఒక్క పేరా కోసమే పన్నెండు పేజీలు రాశావని తెలిసిపోతూనే ఉంది.

ఇది నీకు నువ్వుగా తెచ్చుకున్న జబ్బు కాదులే. ఈ మధ్య ఏ యాత్రా వ్యాసం తీసినా ఇదే వరస. రచయిత పాత గోడ మీద చెయ్యి వేస్తాడు, ఒళ్ళు జలదరిస్తుంది, ముత్తాత గుర్తొస్తాడు. సంపాదకులు కూడా దాన్ని "పర్సనల్ టచ్" అని అడిగి మరీ పెట్టించుకుంటున్నారు. వాళ్ళ సంగతి నాకు కొత్త కాదు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను బందరులో నిరుద్యోగిని. అవనిగడ్డ వైపు ఊళ్ళు తిరిగి ఒక వ్యాసం రాశాను. ఏ ఊళ్ళో ఎన్ని తాటాకిళ్ళు పోయాయి, ఎన్ని పెంకుటిళ్ళు నిలిచాయి, డాబా ఎక్కి బతికినవాళ్ళు ఎందరు, ఆ డాబా ఎవరిది, ఎవర్ని ఎక్కనిచ్చారు, ఇవీ అందులో ఉన్న సంగతులు. ఒక వారపత్రిక సంపాదకుడు చదివి, "ఈ లెక్కలన్నీ తహసీల్దారుకి ఇవ్వవయ్యా, నాకు పాఠకుడి చేత కన్నీళ్ళు పెట్టించేది కావాలి" అన్నాడు. ఆ వారం ఆయన వేసిన వ్యాసంలో సముద్రుడి ఆగ్రహం ఉంది, విధి వైపరీత్యం ఉంది, ఒక్క ఊరి పేరు లేదు. ఇన్నేళ్ళయినా నాకు ఆ మంట చల్లారలేదు. చల్లార్చుకోవాలనీ లేదు.

అప్పట్నుంచి నాది ఒకటే పాట. నా దగ్గరికొచ్చిన ప్రతి కుర్రాడికీ ఇదే చెప్పి విసిగించాను, నువ్వూ విను. పాత కట్టడం గురించి రాయాలంటే ముందు తలెత్తి పైకప్పు చూడు. గోడలు ఎన్నాళ్ళయినా నిలబడతాయి. కప్పు మాత్రం ఎవరో ఒకరు డబ్బు పెట్టి బాగుచేయిస్తేనే ఉంటుంది. ఆ డబ్బు ఎవరిది, ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏ ఏడాది రాకుండా పోయింది అని అడుగుతూ పో, ఊరి చరిత్ర దానంతటదే బయటికొస్తుంది.

లెవుకాకి ఇది మరీ వర్తిస్తుంది. బీచ్ స్ట్రీట్ దుకాణాలు చాలావరకు చెక్క గోడలు, పైన రేకులు. ఎదురుగానే సముద్రం. ఉప్పుగాలికి రేకు తుప్పు పడుతుంది, మేకు చుట్టూ చిల్లి పడుతుంది, ఆ చిల్లిలోంచి వానచుక్క దూలం మీద పడుతుంది, తడిసిన చెక్కకి చెదలు పడతాయి. యునెస్కో 2013లో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కించింది, ఫిజీలో ఆ గౌరవం దక్కిన మొదటి చోటు అదే. మూడేళ్ళు తిరక్కుండానే, 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుఫాను వచ్చి, లెవుకా ఉన్న ఒవలావు దీవిలో ఇళ్ళ రేకులు లేపుకుపోయింది. రక్షిత ప్రాంతం గనక యజమాని ఇష్టమొచ్చినట్టు స్లాబు పోసుకోలేడు. రేకులు సువా నుంచి పడవ మీద రావాలి. మరి ఆ ఏడాది ఎవరి ఇంటి మీదికి ముందు రేకు వచ్చింది? ఎవరు టార్పాలిన్ కిందే గడిపారు? నువ్వు 2013 రాశావు, 2016 రాయలేదు.

"కాలం ఆగిపోయిన ఊరు" అని పేరు పెట్టావు. కాలం ఎక్కడా ఆగదు, డబ్బు ఆగుతుంది. లెవుకా వెనక కొండ నిట్టనిలువుగా ఉంటుంది, కొండకీ సముద్రానికీ మధ్య ఒక్క వీధి పట్టేంత చోటు. ఊరు పెరగడానికి వీల్లేదనే 1882లో రాజధానిని సువాకి తీసుకుపోయారు. దాంతో వ్యాపారం మెల్లిగా పోయింది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు ఎవరి దగ్గరా లేక పాతవి మిగిలాయి. సువా లాగా బాగుపడి ఉంటే 1868 నాటి మోరిస్ హెడ్‌స్ట్రోమ్ దుకాణం ఈ పాటికి నాలుగంతస్తుల మేడ అయ్యేది. ఇప్పుడందులో మ్యూజియం, లైబ్రరీ ఉన్నాయి. నువ్వు బోర్డు మీద ఉన్నది ఎక్కించుకుని తృప్తిపడ్డావు. టౌన్ హాలు విక్టోరియా రాణి జూబిలీకి 1898లో కట్టారు, సేక్రెడ్ హార్ట్ చర్చి ఇక్కడ, రాయల్ హోటల్ అక్కడ. ఇవి బోర్డులే చెబుతాయి కదమ్మా, నువ్వెందుకు?

నువ్వు చూసిన ఫ్రీమేసన్లనే సంఘం వాళ్ళ లాడ్జిని, అంటే వాళ్ళ సమావేశ మందిరాన్ని, "శతాబ్దాల మౌనాన్ని మోస్తున్న శిథిలం" అన్నావు. ఆ కప్పు కాలిపోయింది 2000లో. సువాలో ప్రభుత్వాన్ని కూలదోసిన రోజుల్లో లెవుకాలో అల్లరి మూక దానికి నిప్పు పెట్టింది. ఆ మంటలు కళ్ళారా చూసినవాళ్ళు ఊళ్ళో నీకు టీ పోసి ఉంటారు. అడిగితే చెప్పేవాళ్ళు.

నసోవాలో ఫిజీ అప్పగింత గుర్తుగా నిలిపిన రాయి దగ్గరా అంతే. 1874 అక్టోబర్ 10న థాకొంబావు రాజు ఫిజీని బ్రిటిషు వాళ్ళకి అప్పగించాడని రాసి ముందుకెళ్ళిపోయావు. ఆ తర్వాత రాజు సిడ్నీ వెళ్ళాడు. 1875 జనవరిలో డైడో అనే ఓడలో తిరిగొచ్చేటప్పుడు తట్టు వెంట వచ్చింది. రాజుని చూడ్డానికి దీవుల నుంచి వచ్చిన పెద్దలు దాన్ని తమ తమ ఊళ్ళకి పట్టుకెళ్ళారు. నలభై వేల మంది దాకా పోయారంటారు. మిగిలిన ఫిజియన్లని తోటల పనిలోకి పంపనని గవర్నర్ ఆర్థర్ గోర్డన్ పట్టుబట్టాడు. మరి తోటలకి కూలీలు? అందుకే లియోనిదాస్. నీ వ్యాసంలో ఆ రాయి రెండో పేజీలో ఉంది, ఓడ నాలుగో పేజీలో ఉంది, మధ్యలో హోటల్ టిఫిను ఉంది. లెవుకా పబ్లిక్ స్కూలు మొదలైందీ 1879లోనే, ఓడ వచ్చిన ఏడాదే. ఆ రెండిటికీ మధ్య ఏడు పేజీలు పెట్టావు. పక్కపక్కన పెట్టి చూడు, నువ్వు వ్యాఖ్యానం చెయ్యక్కర్లేదు.

బాగున్నది కూడా చెప్పాలి గనక చెబుతున్నాను. చేపల ఫ్యాక్టరీ వాసన గురించి రాసిన నాలుగు వాక్యాలు బాగున్నాయి. షిఫ్టు దిగి వస్తున్న ఆడవాళ్ళ గమ్ బూట్లు తడిగా ఉన్నాయన్నది చూశావే, అది రచన. కానీ వెంటనే "ఈ వాసనొక్కటి లేకపోతే" అని ముక్కు మూసుకున్నావు. 1960ల నుంచి ఆ ఊరికి అన్నం పెడుతున్నది ఆ ట్యూనా చేపల ఫ్యాక్టరీయే. అక్కడ రేకు మారిందంటే చాలావరకు ఆ జీతంతోనే. ఆ పేరాని ముందుకు తీసుకురా.

నిజానికి నాకు అంత కోపం ఎందుకొచ్చిందో చెప్పాలి. 1980లలో నేను సువాలో ఒక బడిలో లెక్కలు చెప్పాను. జీతం ఇస్తారని వెళ్ళాను, సాహిత్యం కోసమేం కాదు. సెలవుల్లో లంబాసా అనే ఊరికి వెళ్ళినప్పుడు ఒక ముసలావిడ పరిచయమైంది. విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కూలీల కూతురు. తెలుగు దాదాపు పోయింది, ఫిజీ హిందీలో మాట్లాడేది, కోపమొస్తే మాత్రం తెలుగే. చెరకు తోటల్లో కూలీలు ఉండే లైన్ల గురించి వాళ్ళమ్మ చెప్పినవి చెప్పింది. ఒక్కో గది పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ముగ్గురు మగవాళ్ళకి ఒకటి, లేదా పిల్లలతో ఒక కుటుంబానికి ఒకటి. మధ్య గోడలు పైకప్పు దాకా ఉండేవి కావు, పైన జాగా వదిలి వల కొట్టేవాళ్ళు. గాలి కోసమట. పక్క గదిలో దగ్గినా, మొగుడు పెళ్ళాన్ని కొట్టినా, ఎవరైనా రహస్యంగా ఏడ్చినా లైన్లో చివరి గదికి వినపడేది. "మా అమ్మ జన్మంతా గొంతు తగ్గించే మాట్లాడింది" అని చెప్పింది ఆవిడ. ఆమె ఇల్లు రేకుల ఇల్లే, గోడలు మాత్రం కప్పుకి ఆనించి కట్టించుకుంది.

ఆ లైన్లు ఎవరూ దాచలేదు. చెక్క చెదలు తినేసింది, రేకులు ఎవరి వంటింటి మీదికో పోయాయి. లెవుకా తెల్లవాళ్ళ దుకాణాలు జాబితాకెక్కాయి, లైన్లు ఎక్కలేదు. మరి మనవాళ్ళు కట్టుకుని నిలబెట్టుకున్నవి ఏవి? గుళ్ళు, బళ్ళు. తెలుగువాళ్ళు 1941లో విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి పాత చందా పుస్తకాలు ఉన్నాయేమో అడుగు. బడి రేకుల కోసం ఎవరు ఎన్ని షిల్లింగులు ఇచ్చారో దొరికితే నీ అదృష్టం. నేను వెతకాలనుకునే లోపే 1987 మే 14న సైన్యం పార్లమెంటులోకి వెళ్ళి ప్రభుత్వాన్ని కూలదోసింది. లియోనిదాస్ వచ్చిన తేదీయే, చూశావా. ఆ ఏడాదే మూటాముల్లే సర్దుకుని వచ్చేశాను. ఇప్పుడు ఆ ఓడ జ్ఞాపకంగా గిర్మిట్ రోజుకి (గిర్మిట్ అంటే ఆ కూలీల ఒప్పందం) 2023 నుంచి సెలవు కూడా ఇస్తున్నారు.

ఇక నీ ప్రశ్నలు. ఇంగ్లీషు మాటలు వాడొచ్చా అన్నావు. వాడు, కానీ "కారుగేటెడ్ ఐరన్ రూఫింగ్" అని రాస్తే నేను ఒప్పుకోను, మీ అమ్మ రేకులు అంటుంది. పోటీకి పంపనా, పుస్తకం వేయనా, కలం పేరు పెట్టుకోనా అన్నవి మీ ఈడు వాళ్ళని అడుగు.

ఈసారి ఆక్లండ్ నుంచి వెళ్ళేటప్పుడు, సువా ఉన్న దీవి నుంచి లెవుకాకి విమానం వద్దు, నటోవి రేవులో ఫెర్రీ ఎక్కు. ఫెర్రీలో సిమెంటు, రేకులు, మేకుల పెట్టెలు ఎవరి పేరు మీద వెళ్తున్నాయో చూడు. ఆ మనిషి వెనకాలే నడువు.

నువ్వు జతచేసిన ఫొటోలన్నీ చూశాను. ఒక్కదాంట్లోనూ పైకప్పు పూర్తిగా లేదు. పచ్చరంగు దుకాణం ఫొటోలో సగం కనబడుతోంది. అందులో కుడివైపు మూడు రేకులు కొత్తవి, రంగు తేడా తెలుస్తూనే ఉంది. అవి ఎప్పుడు మార్చారో, ఎవరు మార్చారో ఆ దుకాణం వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కో. తెలిశాక కొత్త డ్రాఫ్ట్ పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు.

మీ
మాస్టారు