ఆ చైనా గిన్నెలో ఆవకాయ పెట్టొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి చైనాలోని లుయోయాంగ్ నుంచి ఒక మట్టి గిన్నె తెచ్చాడు. పచ్చ, తేనె, మీగడ రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారిపోయినట్టున్నాయి, అడుగున మాత్రం ఉత్త మట్టే. పాతకాలపు పద్ధతట. సరిగ్గా చేయలేదా ఏంటి? ఇందులో ఆవకాయ పెట్టుకోవచ్చా?
- ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ఆవకాయ సంగతి మర్చిపోండి మేడమ్. అది శాన్‌ట్సాయ్, అంటే 'మూడు రంగులు'. థాంగ్ వంశం (618-907) నాటి పద్ధతి. మట్టిని ఓసారి కాల్చి, సీసం కలిసిన పూత పూసి, రెండోసారి కాస్త తక్కువ వేడిలో కాలుస్తారు. పూతలో రాగి ఉంటే పచ్చ, ఇనుము ఉంటే తేనె రంగు. సీసం వల్ల ఆ పూత బట్టీలో పల్చబడి కిందికి జారుతుంది, మీరు చూసిన ఆ చారలు అవే, అడుగు వదిలేసేదీ అందుకే, లేకపోతే గిన్నె బట్టీకే అతుక్కుపోతుంది. అది లోపం కాదు, నన్నడిగితే అందమంతా అక్కడే ఉంది.

అసలు అప్పట్లో వీటిని ఎక్కువగా చేసింది వంటింటికి కాదు, పెద్దింటివాళ్ల సమాధుల్లో పెట్టడానికి. గుర్రాలు, ఒంటెలు, వాటిని తోలే గడ్డాల మనుషులు కూడా! 20వ శతాబ్దం మొదట్లో లుయోయాంగ్ దగ్గర రైలుమార్గం కోసం తవ్వుతుంటే బోలెడు బయటపడ్డాయి.

పులుపు తగిలితే సీసం తిండిలోకి దిగుతుంది. మన పింగాణీ జాడీ సంగతి వేరు, అది బాగా ఎక్కువ వేడిలో కాలి గట్టిపడింది. మీ గిన్నెను షోకేసులో పెట్టండి, మహా అయితే తాళంచెవులు వేసుకోండి.