ముందు పాత డిస్క్ బీరువాలో పెట్టు

చిరంజీవి లావణ్యకు మావయ్య దీవించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది కంప్యూటర్ విప్పదీసి హాల్లో దుప్పటి మీద పరిచింది, నువ్వైనా చెప్పు" అని. గుండె గుభేల్‌మంది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. నా కొడుకులిద్దరూ ఇంజనీర్లే, ఫ్యాన్ రెగ్యులేటర్ పోతే మనిషిని పిలుస్తారు. నువ్వేమో షాపువాడు 35 వేలు పెట్టి కొత్తది కొనమంటే, ట్యూషన్లు చెప్పి దాచుకున్న 8 వేలతో ఉన్నదాన్నే లేపుతానన్నావట. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను. రెండుసార్లు చదువు.

ఆ డబ్బా నేను కట్టిందే. 2014లో మీ నాన్నా నేనూ సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాం. మీ నాన్న పొద్దుట్నుంచి మూడు అంతస్తులూ తిరిగి, కనబడిన ప్రతి షాపులో కొటేషన్ రాయించుకుని, సాయంత్రానికి మొట్టమొదటి షాపుకే తిరిగొచ్చాడు. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఇంటికి తెచ్చి బిగించాక మీ అమ్మ దానికి పసుపు, కుంకుమ పెట్టింది. నువ్వు నాలుగో క్లాసు. నా స్క్రూలన్నీ లెక్కపెట్టి ఒకటి తక్కువైందని ఇల్లంతా వెతికించావు, గుర్తుందా? అది నా చొక్కా జేబులోనే దొరికింది. (ఆ డబ్బాని అందరూ సీపీయూ అంటారు. నువ్వు మాత్రం అనకు, సీపీయూ అంటే లోపలున్న చిన్న బిళ్ళ.)

నీ లిస్టులో మొదట గ్రాఫిక్స్ కార్డు ఉందని మీ అమ్మ చదివి చెప్పింది. కొట్టెయ్. ఆ మిషన్ ఎందుకు ఈడుస్తోందో ముందు చూడు. టాస్క్ మేనేజర్ తెరువు. ఆన్ చేసిన పావుగంట దాకా డిస్క్ దగ్గర 100 శాతం చూపిస్తుంది, ప్రాసెసర్ మాత్రం తీరిగ్గా కూర్చుని ఉంటుంది. హార్డ్ డిస్క్‌లో పళ్ళెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, దాని మీద ముల్లు అటూ ఇటూ పరిగెత్తి ఒక్కో ఫైలు ముక్కనీ వెతికి తేవాలి. విండోస్ లేవాలంటే అలాంటి ముక్కలు వేలకొద్దీ కావాలి. ఎస్ఎస్‌డీ అంటే చిప్పులతో చేసిన డిస్క్, దానిలో పళ్ళెమూ లేదు, ముల్లూ లేదు. కాబట్టి నీ డబ్బులో మొదటి రూపాయి ఎస్ఎస్‌డీకే వెళ్ళాలి. 2.5 అంగుళాల సాటా రకం (కేబుల్‌తో బోర్డుకి తగిలించేది) అడుగు. ఎన్‌వీఎంఈ అంటే చిక్లెట్‌లా పల్చగా ఉండేది ఇస్తారు, మన బోర్డులో దాన్ని పెట్టే చోటు లేదు. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకి 2 టీబీ అని కనబడితే అది మోసం, ఆలోచించకు కూడా. బోర్డు మీద నాలుగు సాటా రంధ్రాలుంటాయి, వాటిలో రెండే వేగమైనవి. మాన్యువల్‌లో 6Gb/s అని రాసి ఉన్నవి చూసుకుని వాటిలో పెట్టు.

ఎస్ఎస్‌డీ కొనడం దాకా నాకేం టెన్షన్ లేదు. ఆ తర్వాత నువ్వు చేయబోయే పని గురించే ఈ ఉత్తరం. "పాత డిస్క్ మొత్తం క్లోన్ చేసేస్తా, పది నిమిషాల పని" అన్నావట. క్లోన్ అంటే ఒక డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టుగా ఇంకో డిస్క్‌లోకి దించడం. పది నిమిషాల పనే. నాకు తెలుసు.

2003 సంగతి. విజయవాడలో ఏలూరు రోడ్డు పక్క సందులో నా డీటీపీ షాపు. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, తెలుగుకి అను ఫాంట్లు. పెళ్ళికార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అడపాదడపా ఒక పుస్తకం. దివిసీమ నుంచి రిటైరైన మాస్టారొకరు వచ్చేవారు. ఊరూరా తిరిగి నాట్ల పాటలు, కోతల పాటలు సేకరించి ఆరు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. ప్రతి శనివారం నాగాయలంక బస్సు దిగి నేరుగా షాపుకొచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చుని, అరసున్నా ఎక్కడ ఉండాలో ఎక్కడ ఉండకూడదో చెప్పేవారు. ఎనిమిది నెలల్లో 240 పేజీలు తేలాయి. ఒక శనివారం ఆయన ఒక ముసలమ్మను వెంటబెట్టుకొచ్చారు. ఆవిడకి కీబోర్డు అంటే ఏంటో తెలియదు, నా వేళ్ళు చూస్తూ పాడింది. పదకొండు పాటలు నేరుగా టైప్ చేశాను. మాస్టారు నోటు పుస్తకం తీయబోతే, "కంప్యూటర్లో ఉన్నాయి కదండీ, మళ్ళీ రాయడం ఎందుకు" అన్నది నేనే.

కొన్నాళ్ళకి ఆ డిస్క్ కిర్రుమనడం మొదలెట్టింది. తెలివైనవాణ్ణే, వెంటనే కొత్త డిస్క్ తెచ్చాను. పాతది 40 జీబీ, కొత్తదీ అదే కంపెనీ, అదే 40 జీబీ. బాగుందో లేదో చూద్దామని కొత్తదానిలో ఉట్టి విండోస్ 98 ఎక్కించి పెట్టుకున్నాను. అప్పటి డిస్కులకి వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉండేది. ఒకే కేబుల్‌కి రెండు డిస్కులు తగిలించి, వెనక మినప్పప్పంత జంపర్ పెట్టి ఇది మాస్టర్, అది స్లేవ్ అని చెప్పాలి. అన్నీ సర్దాను. కరెంటు పోయింది. ఊరికే కూర్చోలేక, కేబుల్ వదులుగా ఉందేమోనని రెండూ విప్పి జంపర్లు తీసి మళ్ళీ పెట్టాను. చీకట్లో, కొవ్వొత్తి వెలుగులో. ఏది ఎక్కడ పెట్టానో చూసుకోలేదు.

కరెంటొచ్చింది. అప్పట్లో ఈ క్లోనింగ్‌ని ఘోస్ట్ కొట్టడం అనేవాళ్ళం. తెర మీద రెండు వరసలు వచ్చాయి: డ్రైవ్ 1, డ్రైవ్ 2. రెండింటి సైజూ ఒకటే. దేనిలోంచి? ఒకటి. దేనిలోకి? రెండు. రెండోదానిలో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని అడిగింది. ఎస్ కొట్టి టీకి వెళ్ళాను. గ్లాసు చేతిలో ఉండగానే పని అయిపోయింది. అంత త్వరగా అయినప్పుడే అనుమానం రావాల్సింది. కొత్త డిస్క్ ఎంత చురుగ్గా ఉందో అనుకున్నాను లావణ్యా, నిజంగా అలాగే అనుకున్నాను. ఆన్ చేస్తే విండోస్ కడిగిన పలకలా వచ్చింది. పాత డిస్క్ ఒక్కదాన్నే పెట్టి ఆన్ చేశాను. అదీ కడిగిన పలకే. చీకట్లో జంపర్లు తారుమారయ్యాయి, ఉట్టి కొత్తదాన్ని తీసుకెళ్ళి పాతదాని మీద దించేశాను.

హైదరాబాద్ తీసుకెళ్ళి రికవరీ చేయించాను. పేర్లు లేని ముక్కలు కొన్ని వచ్చాయి. వాటిని పేజ్‌మేకర్ తెరవనంది. వారం రోజులు మాస్టారి ఫోన్ ఎత్తలేదు. శనివారం ఆయన రానే వచ్చారు. చెప్పాను. "నోటు పుస్తకాలున్నాయిగా బాబూ, మళ్ళీ టైప్ కొట్టుకుందాం" అన్నారు. రెండు నిమిషాలాగి, ఆ పదకొండు పాటలు గుర్తొచ్చాయి కాబోలు, స్టూలు మీద అలాగే ఉండిపోయారు. మీ అత్తయ్య మజ్జిగ ఇస్తే తాగకుండానే లేచారు.

నాలుగు నెలలు రాత్రిళ్ళు కూర్చుని పైసా తీసుకోకుండా మళ్ళీ టైప్ చేశాను. ముసలమ్మ ఊరికి ఇద్దరం బస్సులో వెళ్ళాం. ఆవిడ సంబరంగా మళ్ళీ పాడింది, కానీ అవే పాటలు కావు. వరసలు అటూ ఇటూ అయ్యాయి, చరణాలు మారాయి. రెండు పాటలైతే, "అవి నేను పాడానా?" అని మమ్మల్నే అడిగింది. పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది, ఆవిడ పాటలు పదకొండుకి తొమ్మిదితో. ముందుమాటలో మాస్టారు నాకు కృతజ్ఞతలు చెప్పారు. ఆ పేజీ కూడా నేనే టైప్ చేశాను.

ఇప్పుడు చెప్పు. హాల్లో దుప్పటి మీద పడున్న ఆ డిస్క్‌లో ఏముందో నీకు తెలుసా? నీకవి "అమ్మ ఫైళ్ళు". పదకొండేళ్ళ ఎంబ్రాయిడరీ డిజైన్లు అవి. కొన్నవి కొన్నే, మిగతావన్నీ మీ అమ్మ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని పంచింగ్ చేసినవి, అంటే బొమ్మని మిషన్ కుట్టే కుట్లుగా మార్చినవి. ఏ నెమలికి ఎన్ని కుట్లో, ఏ కస్టమర్ జాకెట్టు కొలత ఎంతో అన్నీ అందులోనే. నీ ఫీజులు ఆ నెమళ్ళే కట్టాయి.

అందుకని ఇలా చెయ్యి. మొత్తం ఫోల్డర్లు ఒక పెద్ద పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ, గూగుల్ డ్రైవ్‌లోకి ఇంకో కాపీ తీయి. కాపీ అయిందనుకోవద్దు, పెన్‌డ్రైవ్‌ని వేరే కంప్యూటర్లో పెట్టి పది ఫైళ్ళు తెరిచి చూడు. ఆ తర్వాత పాత డిస్క్‌కి ఉన్న రెండు వైర్లూ పీకి, డిస్క్‌ని మీ అమ్మ పాత కాటన్ చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఇక డబ్బాలో ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంటుంది. క్లోనింగ్ వద్దు, దానిలోకి కొత్తగా ఎక్కించు. ఒకే డిస్క్ ఉన్నచోట తప్పు డిస్క్ ఎంచుకోవడం ఎవరివల్లా కాదు, నావల్ల కూడా.

ఏం ఎక్కించాలంటావా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. మనది నాలుగో తరం. అడ్డదారులున్నాయని నీ ఫ్రెండ్స్ చెబుతారు, వద్దు. నీ చదువుకి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ చాలు, హాయిగా నడుస్తుంది. మీ అమ్మ ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్‌కి విండోస్ కావాలి, దానికి తాళంచెవిలాంటి డాంగిల్ కూడా కావాలి. ఆ డాంగిల్ పోతే కొత్తది రావడం కష్టం, దాన్నీ బీరువాలోనే పెట్టు. నీ ఎస్ఎస్‌డీ రెండు రోజులు సరిగ్గా నడిచాక పాత డిస్క్ తీసి మళ్ళీ తగిలించు. ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూలో ఆవిడ పాతది ఎంచుకుంటుంది, నువ్వు కొత్తది. పాతదానికి నెట్ కలపకు, డిజైన్లు ఎంబ్రాయిడరీ మిషన్‌కి పెన్‌డ్రైవ్‌లోనే కదా వెళ్ళేది. పదకొండేళ్ళ డిస్క్ అది, ఏదో ఒక రోజు అదీ కిర్రుమంటుంది. కాపీలు అలాగే ఉంచు.

మిగతావి చిన్నవి. ర్యామ్ 8 జీబీ చెయ్యి, ఉన్న 4కి తోడుగా అలాంటిదే ఇంకో 4 జీబీ డీడీఆర్3. సెకండ్‌హ్యాండ్ చాలు. "ఏఎండీకి మాత్రమే" అని చిన్న అక్షరాల్లో రాసి చవగ్గా అమ్మేవి ఉంటాయి, మన బోర్డులో పనిచేయవు. ఆన్ చేసినప్పుడల్లా తారీఖు వెనక్కి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 సెల్లు మార్చు. దుమ్ము పెయింట్ బ్రష్‌తో దులుపు. లోపల బల్లి గుడ్లు కనబడితే కేకలు పెట్టి అమ్మను భయపెట్టకు. ప్రాసెసర్ జోలికి ఇప్పుడు వెళ్ళకు. డబ్బు మిగిలితే ఎప్పుడైనా పాత ఐ5-4570 దొరుకుతుంది. 4590 అంటే మాత్రం బయాస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అడగొచ్చు. సాకెట్లో పిన్నులు వెంట్రుకల్లా ఉంటాయి, ఒక్కటి వంగినా బోర్డు పోతుంది, ఆ పని నేను వచ్చినప్పుడు ఇద్దరం కలిసి చేద్దాం.

గ్రాఫిక్స్ కార్డు ఎందుకొద్దన్నానో చెప్పలేదు కదూ. లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ ఆ డబ్బాతో పాటు ఉచితంగా వచ్చింది, కార్డు భారం అది మోయలేదు. 450 వాట్లు అని స్టిక్కర్ ఉంటుంది, చేత్తో ఎత్తి చూడు, కొబ్బరిచిప్పంత బరువు ఉండదు. మీ నాన్న బేరంలో 600 రూపాయలు మిగిలాయని నేనూ ఊరుకున్నాను. తప్పు నాదే. కార్డు సంగతి కంటే ముందు దాన్ని మార్చాలి. 80 ప్లస్ గుర్తున్న (కరెంటు తక్కువ వృథా చేసే) మంచి కంపెనీ 450 వాట్లది తీసుకో, 8 వేలలో సరిపోకపోతే ఆ ఖర్చు నాది. దీని మీద వాదించకు.

ఇంకొకటి. డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటోందని మీ అమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఎర్తింగ్ సరిగ్గా లేనప్పుడు ఎస్ఎంపీఎస్ లోపలి చిన్న కెపాసిటర్ల గుండా దాదాపు సగం ఓల్టేజీ డబ్బా రేకు మీదికి వస్తుంది. మనిషిని చంపేంత కరెంటు కాదు, కానీ గోడలో ఎర్త్ వైరు లేదని అర్థం. రేపు నిజంగా ఏదైనా షార్ట్ అయితే ఆ కరెంటు పోవడానికి దారి ఉండదు. మీరుండేది అద్దె ఇల్లు. ఓనరు మూడో రంధ్రం ఊరికే అలంకారానికి పెట్టించి ఉంటాడు. మల్టీమీటర్‌తో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే 230కి దగ్గరగా రావాలి. రాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు, నువ్వు సాకెట్ విప్పకు. మల్టీమీటర్ రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. అదే పెట్టెలో మీ అత్తయ్య ఉసిరికాయ పచ్చడి సీసా ఉంది. నూనె అంటకుండా మీటర్‌ని రెండు కవర్లలో చుట్టాను.

అన్నీ అయ్యాక ఫోటో పంపు. కంప్యూటర్ ఫోటో కాదు. తాళం వేసిన బీరువా ఫోటో.

ఆశీస్సులతో,
మావయ్య